పచ్చి ఉల్లిపాయలు వేసిన ఉలవచారు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ల వయసులో, మా అమ్మ పదకొండు రోజులు మాట్లాడకుండా, అన్నం ముట్టకుండా పడుకుంది. నాన్న బలవంతంగా లేపి కూర్చోబెడితే రెండు గుక్కల మజ్జిగ తాగేది, మళ్లీ గోడ వైపు తిరిగి పడుకునేది. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. నిన్న పొద్దున కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండదు గాని, ఆ పన్నెండో రోజు మాత్రం పొయ్యిలో పుల్లలతో సహా గుర్తుంది.

మొన్న మా మనవరాలు ఖమ్మంలో ఏదో హోటలుకు తీసుకెళ్లి ఉలవచారు బిర్యానీ అని ఒకటి తినిపించింది. బాగుందా అమ్మమ్మా అంటే బాగుందే అన్నాను, పిల్ల మొహం చిన్నబోకూడదని. బాగా లేదు. ఉలవచారును బిర్యానీలో కలిపినవాడి చేతులు విరగ్గొట్టాలి. ఇంటికొచ్చాక ఆ పిల్లకు ఈ సంగతంతా చెప్పాను. విన్నాక అది మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. అందుకే రాసి పెడదామనిపించింది.

ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది మా ఊరు. మా నాన్న కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం వదులుకుని, ఇక్కడ నేల మంచిదని ఎవరో చెబితే అమ్మనూ నన్నూ బండెక్కించుకుని వచ్చేశాడు. అమ్మకు మాత్రం ఇక్కడ ఏదీ ఒక పట్టాన నచ్చేది కాదు. మా వైపు నీళ్లు తియ్యగా ఉంటాయి, మా వైపు వంకాయ లేతగా ఉంటుంది, మా వైపు చారు ఇట్లా ఉండదు. రోజుకు పదిసార్లయినా ‘మా వైపు’ అనేది. ఊళ్లో ఆడవాళ్లు ఆమె లేనప్పుడు ఆమెను ‘మావైపామె’ అనుకునేవారని నాకు తెలుసు. చెబితే నాకు వీపు చిట్లుతుందని ఊరుకున్నాను.

మా ఎదురింట్లో ఒకామె ఉండేది. అమ్మ కంటే పదిహేనేళ్లు పెద్దది కాబట్టి అమ్మ ఆమెను అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. గొంతు ఎంత పెద్దదంటే, ఆమె తన వాకిట్లో కోడిని అదిలిస్తే మా దొడ్లో కోళ్లు కూడా పరిగెత్తేవి. ఎప్పుడూ చెవి మీద సగం కాల్చిన చుట్ట ఒకటి ఉండేది. ఆమెకూ అమ్మకూ స్నేహం ఉంది, పోట్లాట కూడా ఉంది. ఆ పోట్లాటంతా తిండి దగ్గరే. పెద్దమ్మ పచ్చిపులుసు చేసేది. చింతపండు రసంలో కాల్చిన మిరపకాయలు నలిపి, పచ్చి ఉల్లిపాయలు పిసికి, పొయ్యి ఎక్కించకుండానే గటకలో పోసుకుని తినేవారు వాళ్లింట్లో. గటకంటే జొన్నరవ్వ ఉడికించి చేసే ముద్ద. ఒకసారి అమ్మ ఆ పులుసు రుచి చూసి, కాచకుండా తాగేదాన్ని పులుసెలా అంటారక్కా అనేసింది. పెద్దమ్మ నవ్వేసిందిగాని నాలుగు రోజులు మా గడప తొక్కలేదు.

ఆ ఏడాది మాఘంలో నాకు తమ్ముడు పుట్టాడు. ఎర్రగా, బొద్దుగా, పిడికిళ్లు బిగించుకుని ఉండేవాడు. నలభై రోజులు కూడా నిండలేదు, జ్వరం తగిలింది. నాన్న బండి కట్టి దవాఖానాకు బయల్దేరాడు గాని కారేపల్లి చేరకముందే బండి వెనక్కి తిరిగింది. అమ్మ వాణ్ణి ఒళ్లోంచి దించడానికి చాలాసేపు ఒప్పుకోలేదట. ఇంటికొచ్చి కుక్కి మంచంలో పడుకుంది. అంతే.

మొదటి మూడు రోజులు పెద్దమ్మ పొద్దునా సాయంత్రం మల్లెపూలు పొట్లం కట్టుకొచ్చేది. తలుపు వేసుకుని అమ్మ దగ్గర కాసేపు కూర్చుని వెళ్లేది. బిడ్డ పోయిన ఇంట్లో పూలేమిటా అని నాకు చెప్పలేనంత కోపం వచ్చేది. పాలు ఇంకిపోవడానికి రొమ్ము మీద మల్లెపూలు కడతారని నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.

ఊరు మంచిది. అమ్మ ఎన్ని వంకలు పెట్టినా ఎవరూ మనసులో పెట్టుకోలేదు. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క గిన్నె వచ్చేది. పెద్దమ్మ గటక మీద వెన్న వేసి తెచ్చేది. మిషను కుట్టే సాయిబుగారి భార్య ఎర్రపప్పుతో ఖిచిడీ వండి, నువ్వులూ చింతపండూ కలిపిన ఖట్టా పక్కన పోసి పంపేది. తన పిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే అదే పెడతానని చెప్పింది. గూడెం నుంచి అడ్డాకులు తెచ్చే కోయ అవ్వ, ఇప్పపువ్వు దోరగా వేయించి నువ్వులతో దంచిన ముద్దలు ఆకులో చుట్టి తెచ్చింది. ఆమె మాట సగం నాకు అర్థమయ్యేది కాదు. అమ్మ తలకాయ నిమిరి, తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని రెండు వేళ్లు చూపించింది. ఆమెకూ ఇద్దరు పోయారని మాత్రం అర్థమైంది.

అమ్మ ఎవరు ఏం తెచ్చినా అక్కడ పెట్టమన్నట్టు చెయ్యి చూపించి అటు తిరిగిపోయేది. అవన్నీ ఎవరు తిన్నారంటారా? నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పిల్లదాన్ని, ఇంట్లో పొయ్యి వెలగడం లేదు, ఆకలేసేది. ఖట్టా ఎంత బాగుండేదో! ఇప్పపువ్వు ముద్ద కొరికితే గొంతు దాకా తీపి. తిన్నంతసేపూ బాగుండేది, మూతి తుడుచుకున్నాక అమ్మ పేరు మీద వచ్చింది తిన్నానని ఏడుపొచ్చేది. మర్నాడు మళ్లీ తినేదాన్ని.

నాన్న కంచం పట్టుకుని మంచం దగ్గర కూర్చుని బతిమాలేవాడు. తిను, నా మాట విను, పిల్ల మొహం చూసయినా తిను. పదకొండో రోజు సాయంత్రం పెద్దమ్మ నాన్నను కొట్టం దగ్గరికి పిలిచి మాట్లాడుతుంటే నేను గడ్డివాము చాటు నుంచి విన్నాను. ఇంకో వారం గిట్లనే ఉంటే మనిషి దక్కదు మరిదీ, అంది ఆమె. అంత గొంతు ఉన్న మనిషి ఆ మాట మాత్రం చాలా మెల్లగా చెప్పింది. నాన్న ఎద్దు మెడ మీద తల ఆనించి ఏడ్చాడు. నాన్న ఏడవగా చూడటం నాకు అదే మొదలు. తమ్ముడు పోయినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

మర్నాడు మా మిరపచేలో ఆఖరి ఏరుడు. మా వైపు ఒక పద్ధతి ఉండేది. (చూశారా, ఇప్పుడు నాకు మా వైపంటే ఇదే.) ఆఖరి ఏరుడు రోజు కాయ ఏరినవాళ్లందరికీ పొద్దుగూకే వేళకు ఆ చేను ఉన్నవాళ్లింట్లో భోజనం పెట్టాలి. ఏటా అమ్మే స్వయంగా ఉలవచారు కాచేది. దాలి గుంటలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగిన చారు, తేనె చిక్కదనానికి వచ్చేది. పైన మీగడ వేసి వడ్డించేది. ఏరడానికి వచ్చే ఆడవాళ్లు ఆ చారు కోసమే మా చేనుకు వస్తామని హాస్యమాడేవారు. ఆ ఒక్క రోజూ అమ్మ ‘మా వైపు’ అంటే ఊరంతా తలూపేది. ఆ ఏడు భోజనాలు మానేద్దామన్నాడు నాన్న. మైల కూడా తీరింది, నేనున్న గద అంది పెద్దమ్మ.

పొద్దున్నే మా దొడ్లోకి వచ్చి, సరిగ్గా అమ్మ మంచం పక్క కిటికీ కిందే మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేసింది. దొడ్లో అంత జాగా ఉండగా అక్కడే ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎడ్ల కోసం ముందు రోజు ఉడకబెట్టిన ఉలవల కట్టు కుండలో ఉంటే తెచ్చి కాస్త వెచ్చబెట్టింది. అందులో చింతపండు పిసికింది. తర్వాత పెద్ద ఉల్లిపాయలు నాలుగు కోసి, పచ్చివి, అలాగే వేసి చేత్తో పిసకడం మొదలుపెట్టింది. వేసేది వేస్తూ ప్రతిదీ నాకు పైకి చెబుతోంది, నేనేదో చెరువు అవతల ఉన్నట్టు.

నాకు ప్రాణం పోయినట్టయింది. అది పచ్చిపులుసు చేసే తీరు, ఉలవచారు కాదు. మా అమ్మ ఇట్లా చేయదు పెద్దమ్మా అన్నాను. మరెట్ల చేస్తది బిడ్డా అంది. నాకేం తెలుసు? నాకు తెలియదు, అమ్మకే తెలుసు అన్నాను. నా గొంతు కూడా పెద్దదయిపోయింది, కోపంతో. పెద్దమ్మ గరిటెతో కుండను ఒకసారి తిప్పి, కిటికీ వైపు చూడకుండా అంది.

“తెల్వకుంటే ఏంది బిడ్డా, ఇయ్యాల ఏరెటోళ్లందరికి గిదే పోస్త. మా చెల్లె వాళ్ల ఊర్ల ఉలవచారు గిట్లనే ఉంటదని చెప్త.”

పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి. నాన్న ఎడ్లకు నీళ్లు పెడుతున్నవాడు అలాగే ఆగిపోయాడు. కిటికీ లోపల నుంచి బొంగురుగా, తుప్పు పట్టిన గొంతు ఒకటి వచ్చింది.

“అక్కా... అందులో పచ్చి ఉల్లిపాయలు వేశావా?”

పదకొండు రోజుల తర్వాత మా అమ్మ మాట్లాడిన మొదటి మాట అది. నాన్న చేతిలో బకెట్టు కింద పడి నీళ్లన్నీ పోయాయి.

ఏసిన చెల్లె, ఎయ్యొద్దా, అని అడిగింది పెద్దమ్మ ఏమీ ఎరగనట్టు. ఉలవచారులో ఎవరైనా పచ్చి ఉల్లిపాయలు వేస్తారా అక్కా, అంది అమ్మ. మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని, గుమ్మం పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ బయటికొచ్చింది. జుట్టంతా చిక్కులు, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నేను పరిగెత్తి పట్టుకోబోతే పెద్దమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. గట్టిగానే లాగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ తనంతట తనే వచ్చి పీట మీద కూర్చుంది.

గరిటె తీసుకుని ఉల్లిపాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పడేసింది. ఇంత నీళ్లగా ఉంటే ఎడ్లు కూడా తాగవు అని గొణిగింది. నన్ను పిలిచి దాలిలో పిడకలు పేర్చమంది. కుండ దాని మీదికి మార్చింది. బెల్లం ముక్క తెమ్మంది, కారం తెమ్మంది, వెల్లుల్లి ఒలవమంది, ఇంత మందంగా ఒలుస్తారా అని నన్ను తిట్టింది. పన్నెండు రోజులకు తిట్టు తిన్నాను. ఆ తిట్టు ఎంత కమ్మగా ఉందో మీకు చెప్పలేను.

చారు కాగుతుంటే ఉప్పు చూడకుండా కుదరదు కదా. మధ్యాహ్నం దాటాక అమ్మ గరిటెతో ఒక బొట్టు తీసి అరచేతిలో వేసుకుని నాలికకు రాసుకుంది. కొంచెం ఉప్పు వేసింది. మళ్లీ ఇంకో బొట్టు. మూడోసారి అరచెయ్యి నోటి దగ్గరే ఉండిపోయింది. భుజాలు కదిలిపోవడం మొదలుపెట్టాయి. బిడ్డ పోయిన రోజు నుంచి ఆమె కంట నీటిచుక్క రాలేదని పెద్దమ్మ నాన్నతో అంటుంటే విన్నాను నేను.

“ఉప్పు రుచయినా ఎరగకుండా పోయాడక్కా,” అంది అమ్మ.

ఊరుకోమని ఎవరైనా అంటారు. పెద్దమ్మ అనలేదు. అమ్మ చేతిలోంచి గరిటె తీసుకుని, ఇంకో చెయ్యి ఆమె వీపు మీద వేసి, “ఏడువు చెల్లె, మంచిగ ఏడువు. చారు మాడకుంట నేను చూస్త,” అంది. అమ్మ ఆ పీట మీద కూర్చుని పెద్దగా, ఊరంతా వినేట్టు ఏడ్చింది. పెద్దమ్మ చారు కలుపుతూనే ఉంది. నాన్న దూరంగా నిలబడి తుండుగుడ్డతో మొహం కప్పుకున్నాడు. నేను ఒలిచిన వెల్లుల్లినే మళ్లీ ఒలుస్తూ కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు ఏరినవాళ్లంతా వచ్చి దొడ్లో వరసగా కూర్చున్నారు. సాయిబుగారి భార్య, కోయ అవ్వ కూడా వచ్చారు. అమ్మ వడ్డించలేకపోయింది గాని తిరగమోత తనే పెట్టింది. వాళ్ల మధ్యనే పెద్దమ్మ ఒక విస్తరి వేసి అమ్మను కూర్చోబెట్టింది. ఎవరూ ఆమెను తినమనలేదు, ఎవరూ ఆమె వైపు చూడలేదు. అమ్మ ఉలవచారన్నంలో మీగడ కలుపుకుని నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. మర్నాడు ఆరు తింది.

మర్నాడే నేను పెద్దమ్మ ఇంటికి వెళ్లాను, మనసులో మాట కక్కేద్దామని. అంత పెద్దదానివి, నీకు ఉలవచారు చేయడం కూడా రాదు, మా అమ్మ లేవకపోతే మా పరువు పోయేది అన్నాను. ఆమె పేడకళ్లు ఎత్తుతున్నది ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. తర్వాత నవ్వింది. వాళ్లింట్లో రెండు జతల ఎడ్లున్నాయనీ, తను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉలవచారు కాస్తూనే ఉన్నాననీ చెప్పింది. మరి నిన్న అట్లా ఎందుకు చేశావని నోరు తెరిచాను.

“మంచిగ జేసి పెట్టినోళ్లను పదకొండు దినాలు చూస్తనే ఉన్నవ్ గద బిడ్డా. మంచిగ ఉంటే అక్కడ పెట్టుమంటది. పాడు జేస్తే లేస్తది,” అంది.

ఈ సంగతి మీ అమ్మకు చెప్తే నాలిక కోస్తానని కూడా అంది. నేను చెప్పలేదు. ఊళ్లో చాలా రోజులు ఎదురింటామెకు ఉలవచారు రాదట అని ఏరుడు ఆడవాళ్లు నవ్వుకున్నారు. పెద్దమ్మ వాళ్లతో పాటే నవ్వేది. నా కడుపులో మాట అట్టే ఉండేది, బయటికి రానిచ్చేదాన్ని కాదు.

పెద్దమ్మ పోయింది. నాన్న పోయాడు. అమ్మ ఎనభై దాటాక ఖమ్మంలో నా దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే, ఇంకా దాచడమెందుకులే అనిపించి ఆనాటి సంగతి చెప్పేశాను. పెద్దమ్మ కావాలనే పాడు చేసింది, నీకు తెలుసా, అన్నాను. అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె గింజలు తీయడం కూడా ఆపలేదు.

“తెలియకేం? మనం ఆ ఊరు వచ్చిన మొదటి వారం నాకు అన్నంలోకి చారు పంపింది ఆవిడే. ఉలవచారు. మా అమ్మ చేసినట్టే ఉంది. ఆ మాట ఆవిడతో ఏనాడూ ఒప్పుకోలేదు నేను,” అంది.

మరి తెలిసీ ఎందుకు లేచావమ్మా అని అడిగాను. ఇన్నేళ్లూ నేను అనుకున్నది వేరు. పుట్టింటి చారుకు చెడ్డపేరు వస్తుందని పౌరుషంతో లేచిందనుకున్నాను. అమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టింది. ఊరి ఆడవాళ్లందరి ముందూ నా కోసం వంట రానిదానిలా నిలబడటానికి సిద్ధపడిందే ఆవిడ, అది చూశాక ఇంకా పడుకుని ఉండటానికి సిగ్గేసింది, అంది. తిను తిను అని అందరూ అన్నారు, నా కోసం తన పేరు పోగొట్టుకున్నది ఆవిడొక్కతే, అంది. మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. ఇద్దరం చింతపండు ఒలుచుకుంటూ కూర్చున్నాం. నాకు మాత్రం కళ్లు కనబడలేదు కాసేపు.

మా ఇంట్లో ఇప్పుడు వంటలకేం కొదవ లేదు. సాయిబుగారి భార్య చెప్పినట్టే ఖట్టా చేస్తాను. వేసవిలో భద్రాచలం వైపు నుంచి ఎవరైనా వస్తుంటే ఇప్పపువ్వు తెప్పిస్తాను, అవ్వ చేసినంత బాగా కుదరదు. పచ్చిపులుసు లేనిదే నాకు పూట గడవదు. వంట బాగా చేస్తానని మా వీధిలో పేరుంది, ఆ పేరంటే నాకు గర్వం కూడా.

కాని ఎవరింట్లోనన్నా దుఃఖం కలిగి, అక్కడి మనిషి తిండి మానేసిందని తెలిస్తే మాత్రం నేను బాగా వండి తీసుకెళ్లను. పప్పు చేసి ఉప్పు వేయడం మానేస్తాను. గిన్నె పట్టుకెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుని, వయసు మీద పడింది తల్లీ, నాకు ఈ మధ్య రుచి తెలియడం లేదు, కాస్త ఉప్పు చూసి పెట్టు అంటాను. పాపం, ముసల్దానికి వంట మరుపొచ్చిందని వెనక అనుకుంటారు. అనుకోనీ. ఇప్పటి దాకా నా కోసం ఉప్పు చూడనన్నవాళ్లు ఒక్కరూ లేరు.